మూడు వేల సంతకాలు

కన్వీనరు గారిని కన్వీనరుగా ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి సమావేశానికి కాగితం, పెన్ను పట్టుకొచ్చింది ఆయనొక్కరే. మిగతా ముగ్గురూ మతపెద్దలు. వాళ్లకు మాట్లాడటం అలవాటు గానీ రాసుకోవడం అలవాటు లేదు. అలా పదవి ఆయన్ను వరించింది. ఇంటికెళ్లి భార్యతో "అందరూ కలిసి బలవంతం చేశారు" అని చెప్పుకున్నారు. ఆవిడ నమ్మలేదు, ఆయనా నమ్మలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు క్రిమినల్ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. "తగిన ఇద్దరు జామీనుదారుల పూచీపై ముద్దాయిని విడుదల చేయవలెను" అన్న వాక్యాన్ని ఆయన కళ్లు మూసుకుని కొట్టగలరు. చాలాసార్లు అలాగే కొట్టారు కూడా. రిటైరయ్యాక ఒకరోజు పాస్టరు గారి వెంట సబ్బులు పంచడానికి జైలుకి వెళ్తే, ఒక ముసలాయన మడతలు పడి చిరిగిపోతున్న కాగితం చూపించాడు. బెయిలు ఉత్తర్వు. రెండేళ్ల కిందటిది. జామీను నిలబడేవాళ్లు లేక లోపలే ఉండిపోయాడు. కాగితం అడుగున ఎడమవైపు టైపిస్టు పొడి అక్షరాలు ఉన్నాయి. అవి కన్వీనరు గారివే.

ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. చదువుకున్న మనిషి కాబట్టి ఆ బాధ ఏడుపుగా బయటికి రాలేదు, పిటిషన్‌గా వచ్చింది.

"సర్వమత జైలు సంస్కరణల ఐక్యవేదిక" అలా పుట్టింది. చిన్న కేసుల్లో పేదవాళ్లకు జామీనుదారుల షరతు తీసేయాలి, మనిషి మాట మీదే వదిలేయాలి. అడిగేది అంతే. ఆ ఒక్క ముక్క అడగడానికి నాలుగు పేజీలు పట్టింది. ఆ నాలుగు పేజీలూ ఒకటే వాక్యం. పుల్‌స్టాప్ పెడితే విజ్ఞప్తి బలం తగ్గుతుందని కన్వీనరు గారి ప్రగాఢ విశ్వాసం. ఇమాం గారు "న్యాయం" అన్న మాట ముందుండాలన్నారు. పాస్టరు గారు "కరుణ" ముందన్నారు. పూజారి గారు "ధర్మం" లేకపోతే మిగతా రెండూ గాల్లో ఉన్నట్టేనన్నారు. రెండు సమావేశాలు దానికే సరిపోయాయి. చివరికి కన్వీనరు గారే ఉపాయం చెప్పారు. మొదటి పేజీలో ఒక మాట ముందు, రెండో పేజీలో ఇంకోటి, మూడో పేజీలో మూడోది. నాలుగో పేజీ ఎవరి వంతో తేలక, అందులో మూడు మాటలూ తీసేశారు. తన రాజకీయ చాతుర్యానికి తానే మురిసిపోయి ఆయన వారం రోజులు నడుస్తూ కూడా నవ్వుకున్నారు.

సంతకాల సేకరణ మాత్రం జోరుగా సాగింది. గుడి దగ్గర, మసీదు దగ్గర, చర్చి దగ్గర బల్లలు వేశారు. చిరునామాలతో సహా మూడు వేల పైచిలుకు సంతకాలు. వీధి మొత్తం మీద పెట్టనన్నది ఒక్క పిండిమర ఆయన. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "అర్థం కాని కాగితం మీద నేను సంతకం పెట్టను. దేవుళ్ల జోలికి నేను పోను, వాళ్లు నా జోలికి రారు" అని మొహం మీదే చెప్పాడు. ఇలాంటి వాళ్ల వల్లే సమాజం ఇలా ఉందని కన్వీనరు గారు తేల్చేశారు.

సమావేశాలు ప్రతి నెలా మొదటి బుధవారం సాయంత్రం, లైబ్రరీ పైనున్న హాల్లో జరిగేవి. ముందు మూడు ప్రార్థనలు, వంతులవారీగా. తర్వాత ఖైదీల కోసం రెండు నిమిషాల మౌనం. ఆ మౌనం కన్వీనరు గారి సొంత ఆలోచన. దానికి ఆయన ప్రత్యేకంగా చేతి గడియారం పెట్టుకొచ్చేవారు. ఆ మాటకొస్తే ఆ ముగ్గురూ మాట్లాడకుండా ఉండేది నెల మొత్తం మీద ఆ రెండు నిమిషాలే.

హాలు తలుపులు తీసి, ఊడ్చి, కుర్చీలు వేసే ఒకావిడ ఉండేది. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి అందరూ తాళాలమ్మ అనేవారు. నాలుగో సమావేశంలో మౌనం మధ్యలో తలుపు కిర్రుమంది. తాళాలమ్మ రెండడుగులు లోపలికి వేసి "సార్" అంది. కన్వీనరు గారు కళ్లు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తారు. ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది. ఐదో సమావేశంలో మళ్లీ అదే. మళ్లీ వేలు. ఆరో సమావేశంలో "సార్, ఒక్క మాట" అన్నది. ఈసారి వేలితో పాటు కనుబొమలు కూడా లేపారు. బయటికి వెళ్లేటప్పుడు పాస్టరు గారు "మీ క్రమశిక్షణ చూస్తే ముచ్చటేస్తుందండీ" అన్నారు. కన్వీనరు గారు వినయంగా తల వంచారు. ఆ వినయం కూడా కొంచెం ఎక్కువే.

అందరూ వెళ్లాక, సంతకాల కట్టలు సంచీలో పెట్టుకుని దిగుతుంటే మెట్ల మలుపులో తాళాలమ్మ నిలబడి ఉంది.

"ఏమ్మా, మౌనంగా ఉన్నప్పుడు అలా వచ్చేయొచ్చా?" అన్నారాయన, పెద్దమనిషి గొంతుతో. "జైల్లో ఉన్నవాళ్ల కోసం కదా మేం అలా నిలబడేది."

"మావాడు జైల్లోనే ఉన్నాడండి," అంది తాళాలమ్మ.

కన్వీనరు గారు దిగబోతున్న మెట్టు మీదే ఆగిపోయారు.

"మరి... అప్పుడే ఎందుకొచ్చావమ్మా? ముందో తర్వాతో రావచ్చుగా?"

"మిగతా అప్పుడంతా మీరు మాట్లాడుకుంటుంటారు కదండీ. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు అడ్డం రాకూడదని, ఎవరూ మాట్లాడనప్పుడు చూసి వచ్చాను."

తాళాలమ్మ కొడుకు తాపీమేస్త్రీ. కట్టే ఇంటి దగ్గర నీళ్ల మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ రోజు పని ముగించి చివర వెళ్లింది అతనే. అంతే కేసు. ఏడు నెలల కిందటే బెయిలు వచ్చింది. సొంత ఇల్లున్న ఇద్దరు జామీను నిలబడాలి. తాళాలమ్మది అద్దె గది, చుట్టాలందరివీ అద్దె గదులే. ఆవిడ కొంగు ముడి విప్పి ఉత్తర్వు నకలు ఇచ్చింది. కన్వీనరు గారు గబుక్కున అడుగున ఎడమవైపు చూశారు. పొడి అక్షరాలు తనవి కావు. హమ్మయ్య అనుకున్నారు, అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డారు. ఎందుకంటే వాక్యం మాత్రం ఆయనదే. ఆ నమూనా ఆయన తయారుచేసి పెట్టి వచ్చిందే.

"వచ్చే మంగళవారం వాయిదా అండి," అంది తాళాలమ్మ. "ఉచిత వకీలు గారు, తప్పు ఒప్పేసుకో, ఇప్పటిదాకా ఉన్నదే శిక్ష కింద లెక్కేసి ఆ రోజే పంపించేస్తారు అన్నారంట. మావాడు ఒప్పుకుంటానంటున్నాడు. వాడు తియ్యలేదు సార్. తియ్యనిది తీశానని చెప్పి ఇంటికొస్తే, ఇంక బతికినన్నాళ్లూ దొంగే కదండీ? రేపు ఎవరు పనిలోకి పిలుస్తారు? మంగళవారం లోపల బయటికొస్తే ఒప్పుకోనక్కర్లేదు."

"నిజమేనమ్మా. అందుకే మేం పిటిషన్..."

"మూడు వేల సంతకాలు పోగేశారంట కదండీ." ఆవిడ సంచీ వైపు చూసింది. "అందులో నాకు రెండు ఇప్పించండి."

కన్వీనరు గారు సంచీ దగ్గరికి లాక్కున్నారు. "అవి వేరే సంతకాలమ్మా."

"వేరే అంటే?"

అవి పెడితే ఏమీ పోదు, ఇవి పెడితే పోవచ్చు. అదీ తేడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగు పేజీల వాక్యం రాసిన మనిషికి ఆ చిన్న ముక్క చెప్పడానికి నోరు రాలేదు. "చూస్తానమ్మా" అని దిగిపోయారు. సంచీ బరువుగా ఉంది.

ఇంటికెళ్లేసరికి భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైంది. మనిషి ముఖం చూసి జ్వరం ఎంతో చెప్పగలదు.

"ఏమండీ, ఎవరితో గొడవ? కరుణతోనా, ధర్మంతోనా?"

ఆయన జరిగిందంతా చెప్పారు. చెప్పి, "ఎవరైనా మంచివాళ్లను చూడాలి" అని ముగించారు.

"ఎదురుగా ఇల్లున్న మనిషిని పెట్టుకుని ఇంకెవర్ని చూస్తారు?"

ఇక్కడో సంగతి చెప్పాలి. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. ఇరవై ఏళ్ల కిందట కోర్టులో ఒక జామీనుదారుడు, ముద్దాయి పారిపోతే, వరండాలో గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడవడం కన్వీనరు గారు చూశారు. నెల తిరక్కుండా ఇల్లు భార్య పేరు మీదకి మార్పించారు. అప్పట్నుంచి తోడల్లుడు అడిగినా, తోటి గుమస్తా అడిగినా, కళ్లలో అంత విచారం నింపుకుని "ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉందండీ" అనేవారు. అది ఆయన జీవితంలో తయారుచేసుకున్న అతి చిన్న వాక్యం, అతి పనికొచ్చిన వాక్యం.

"నా మీద ప్రేమతో రాసిచ్చారని వీధిలో అంతా అనుకుంటున్నారు," అంది ఆవిడ కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ. "నాకు తెలుసు లెండి."

"నీకెలా..."

"మీ తోడల్లుడి భార్య నాకు అక్క. మరిచిపోయారా?"

తల తీసేసినట్టయింది. అయినా పాత భయం ఊరుకోదు. "వాడు పారిపోతే?"

"ఇరవై ఏళ్లుగా మీరు పారిపోతూనే ఉన్నారు. ఎవరైనా పట్టుకున్నారా?" ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నేను పెడతాను. మీరెప్పుడూ నన్ను అడగలేదు, అదీ సంగతి. ముందు ఆవిడతో ఒకసారి మాట్లాడొస్తాను."

మర్నాడు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. "వాడికి కూతురుందటండీ. వాడు లోపలికి వెళ్లేటప్పుడు బోర్లా పడుతుండేదట. ఇప్పుడు పరుగెడుతోంది. నేను కళ్లారా చూశాను," అంది. ఇంక ఆ విషయం మీద చర్చ జరగలేదు.

ఒక సంతకం కుదిరింది. రెండో దాని కోసం కన్వీనరు గారు గురువారం సాయంత్రమే అత్యవసర సమావేశం పిలిచారు. విషయం వినగానే ముగ్గురు పెద్దలూ కదిలిపోయారు. నిజంగానే కదిలిపోయారు, అందులో వంక పెట్టడానికేం లేదు.

"నేను నిలబడతానండీ," అన్నారు పూజారి గారు.

"మీరెందుకు, నేను లేనా?" అన్నారు ఇమాం గారు.

"ఇద్దరూ ఆగండి. జైలు పరిచయం నాది," అన్నారు పాస్టరు గారు.

మంచి పని కోసం మూడు మతాలు పోటీ పడటం చూసి కన్వీనరు గారి కళ్లు చెమర్చాయి. "ఎవరైనా సరే. ఇంటి పన్ను రసీదు తీసుకొస్తే చాలు," అన్నారు.

ఆ రసీదే ముగ్గురి దగ్గరా లేదు. పూజారి గారు ఉండేది గుడి వెనక వాటాలో, అది గుడిది. ఇమాం గారిది మసీదు పైన గది. పాస్టరు గారిది చర్చి క్వార్టర్సు. ముగ్గురూ దేవుడి ఇళ్లలో కాపురం ఉంటున్నవాళ్లే. దేవుడి ఇంటి మీద జామీను కోర్టు ఒప్పుకోదు. వేల మందికి స్వర్గానికి దారి చూపించే ముగ్గురు మనుషులు ఒక మేస్త్రీని జైలు గేటు దాటించలేరని ఆ సాయంత్రం తేలింది.

"భక్తులను అడుగుదాం," అన్నారు ఇమాం గారు చివరికి. "సంతకాలు పెట్టినవాళ్లేగా అందరూ."

శుక్రవారం ఇమాం గారు అడిగారు. శనివారం పూజారి గారు అడిగారు. ఆదివారం పాస్టరు గారు అడిగారు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ హాలు మెట్ల మీద కూర్చుని ఫలితాలు చెప్పుకున్నారు.

"అడగ్గానే అందరూ నిశ్శబ్దం," అన్నారు ఇమాం గారు. "మన సమావేశంలో కూడా అంత బాగా కుదరదు."

"నా దగ్గర ఐదు నిమిషాలు," అన్నారు పాస్టరు గారు.

"ఒకాయన ముందుకొచ్చాడు," అన్నారు పూజారి గారు. అందరూ ఆశగా చూశారు. "ఇంకో మూడొందల సంతకాలు తెచ్చిపెడతానన్నాడు."

కన్వీనరు గారు ఆ మూడు రోజులూ సంచీ భుజాన వేసుకుని, పిటిషన్‌లో ఉన్న చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నలభై ఇళ్లు. అందరూ కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు, వ్యవస్థను తిట్టారు. జామీను అనగానే ముఖం చాటేశారు. వాళ్లలో పందొమ్మిది మంది, కళ్లలో అంత విచారం నింపుకుని, "ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉందండీ" అన్నారు. పందొమ్మిదోసారి విన్నప్పుడు ఆయనకు నవ్వొచ్చింది. ఆ ఇంటాయన నొచ్చుకున్నాడు.

ఆదివారం సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వస్తుంటే పిండిమర ముందు నుంచే దారి. తల దించుకుని దాటేద్దామనుకున్నారు.

"ఏం కన్వీనరు గారూ, ఇంకా సంతకాలేనా?" అని పిలిచాడు పిండిమర ఆయన. కనురెప్పల దాకా పిండే.

"ఒకటే కావాలండీ ఇప్పుడు," అన్నారు కన్వీనరు గారు. ఓపిక అయిపోయి అన్నారే గానీ ఆశతో కాదు. జామీను కాగితం తీసి గల్లాపెట్టె మీద పెట్టారు.

పిండిమర ఆయన మర ఆపాడు. చెయ్యి తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందదాకా వేలు పెట్టి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మనిషి వాయిదాకి రాకపోతే నేను కట్టాలి."

"అవును."

"వస్తే ఏం లేదు."

"ఏం లేదు."

"తీశాడా?"

"లేదంటున్నాడు. నేనతన్ని చూడలేదు. వాళ్లమ్మని ఆరు నెలలుగా చూస్తున్నాను." కన్వీనరు గారు ఆగారు. "చూస్తున్నానంటే, వేలు చూపించి బయటికి పంపిస్తున్నాను."

పిండిమర ఆయన కళ్లద్దాల మీదుగా ఆయన్ను చూశాడు. "మీ నాలుగు పేజీలు నేను మూడుసార్లు చదివానండీ. ఎవరు ఎవరికి ఏం చెయ్యాలో అందులో ఎక్కడా దొరకలేదు. ఇందులో ఉంది. ఎప్పుడు రావాలి?"

"రేపు పదింటికి, కోర్టుకి."

"వస్తాను. మీ దేవుళ్ల తరఫున కాదు, ముందే చెబుతున్నా."

కన్వీనరు గారు గల్లాపెట్టె మీదుగా వంగారు. ఆయన చేయి పట్టుకుని ఊపేశారు. చొక్కా చేతులు రెండూ తెల్లబడ్డాయి.

సోమవారం కోర్టు ఆఫీసులో ఉన్న గుమస్తా ఒకప్పుడు కన్వీనరు గారి దగ్గర పని నేర్చుకున్నవాడే. గురువుగారిని చూసి లేచి నిలబడ్డాడు, కాగితాలు చూసి కూర్చున్నాడు. ఫారంలో ఒక గడి ఉంటుంది, ముద్దాయికి జామీనుదారుతో సంబంధం ఏమిటని. ఆ గడి పెట్టింది కూడా కన్వీనరు గారే.

"తెలిసినవాళ్ల కుర్రాడు అని రాయి," అంది ఆయన భార్య. ఒక క్షణం ఆలోచించి, "తెలుసుకోవలసినవాళ్ల," అని దిద్దింది. గుమస్తా మొదటిదే రాసుకున్నాడు.

"ఏ సంబంధమూ లేదని రాయండి," అన్నాడు పిండిమర ఆయన. "లేకపోతే నిలబడకూడదని రూలేమైనా ఉందా?"

లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే.

మంగళవారం మేస్త్రీ ఇంటి నుంచి కోర్టుకి వచ్చాడు. ఉతికిన చొక్కా, చంకలో కూతురు. ఆ పిల్ల ఈ కొత్త మనిషిని నమ్మాలా వద్దా అన్నట్టు వెనక్కి వాలి అతని ముఖంలోకి చూస్తోంది. పేరు పిలవగానే పిల్లను తాళాలమ్మకి అందించి బోనెక్కాడు. నేరం ఒప్పుకుంటున్నావా అని జడ్జి అడిగారు. ఉచిత వకీలు ఒప్పుకోమన్నట్టు తల ఊపాడు. వెనక బెంచీలో కన్వీనరు గారు, ఆయన భార్య, ముగ్గురు మతపెద్దలు, పిండిమర ఆయన వరసగా కూర్చుని ఉన్నారు. మేస్త్రీ ఒకసారి వెనక్కి చూశాడు.

"నేను తియ్యలేదండీ," అన్నాడు.

అలవాటు కొద్దీ కన్వీనరు గారి వేళ్లు మోకాలి మీద ఆ మాట టైపు చేశాయి. చివర పుల్‌స్టాప్ కూడా పెట్టాయి. ఆ పుల్‌స్టాప్ దగ్గర ఆయనకు దుఃఖం ఆగలేదు. భార్య చేతిరుమాలు ఇచ్చింది, ముందే తీసి పెట్టుకున్నట్టుంది.

తర్వాతి నెల మొదటి బుధవారం ఏడో సమావేశం. మూడు ప్రార్థనలూ అయ్యాయి. ఖైదీల కోసం మౌనం మొదలైంది. కన్వీనరు గారు గడియారం చూసి కళ్లు మూసుకున్నారు. అర నిమిషం కాకుండానే తలుపు కిర్రుమంది. ఆయన చూపుడువేలు దానంతటదే పైకి లేచింది.

లేచిన వేలిని లేచినట్టే పెట్టుకుని ఆయన కళ్లు తెరిచారు. తాళాలమ్మ గుమ్మంలో ఉంది. ఆవిడ వెనక, మెట్ల మలుపు దాకా, పదిపన్నెండు మంది ఆడవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు, ఒక్కొక్కరి చేతిలో మడతపెట్టిన కాగితం. మౌనంగా ఉన్నప్పుడు వస్తే వింటారని వాళ్లందరికీ తాళాలమ్మే చెప్పిందట.

ఇమాం గారు, పూజారి గారు, పాస్టరు గారు కళ్లు తెరిచి కన్వీనరు గారి వైపు చూశారు. గడియారంలో ఇంకా నిమిషంన్నర మిగిలి ఉంది. ఆయన వేలు దించి, గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. కట్ట మీదున్న పిటిషన్ తిరగేసి, ఖాళీ వైపు పైకి పెట్టుకుని, పెన్ను మూత తీశారు.

"రామ్మా. కూర్చుని చెప్పు," అన్నారు ముందున్నావిడతో.

ఆవిడక్కూడా కావలసింది రెండే.